జంట లైను డైరీ: ట్రాకుల మధ్య ఎంత వదలాలి?

బోర్డు సిద్ధం, పట్టా ఇంకా వేయలేదు

నా మోడల్ రైల్వేకి బోర్డుల బిగింపు అయిపోయింది. పైన ఫోమ్ షీటు అంటించాను, అది కూడా ఆరిపోయింది. ఇక ట్రాక్ పరచడమే తరువాయి అనుకునే దశ ఇది. కానీ ఈసారి వేస్తున్నది సింగిల్ లైను కాదు, జంట లైను. రెండు ట్రాకులు పక్కపక్కనే సాగుతాయి, రెండు చివర్లలో అర్ధవృత్తంగా తిరిగి మళ్లీ వెనక్కి వస్తాయి. ముందు వైపు ఒక స్టేషను, దాని పక్కన నాలుగు లైన్ల చిన్న యార్డు, వెనక గోడవైపు కొండ చాటున రైళ్లు దాచుకోవడానికి ఇంకో నాలుగు లైన్లు.

స్కేలు హెచ్‌ఓ. అసలు రైల్లో ఒక అడుగు ఇక్కడ 3.5 మి.మీ., అంటే 87వ వంతు. పట్టాల మధ్య గేజ్ 16.5 మి.మీ. ఈ సంగతులు డబ్బా మీదే రాసి ఉంటాయి. రాసి ఉండనిది ఒక ట్రాక్‌కీ పక్క ట్రాక్‌కీ మధ్య ఎంత వదలాలన్నది.

తమ్ముడు చూసి, "అన్నయ్యా, రెండు రైళ్లు తగలకుండా వెళ్తే చాలదా?" అన్నాడు. తగలకుండా ఉండాలంటే ఎంత అన్నదే ప్రశ్న. ఎక్కువ వదిలేస్తే తగలవు, నిజమే. కానీ అప్పుడది బొమ్మ రైలులా కనిపిస్తుంది. అసలు జంట లైనులో ఎదురెదురుగా రైళ్లు దాటుకుంటున్నప్పుడు మన కిటికీ పక్కనే ఇంకో రైలు దూసుకుపోయినట్టుంటుంది కదా, ఆ దగ్గరతనం పోతుంది. తక్కువ వదిలితే వంపులో పెట్టెలు ఒకదాన్నొకటి గీసుకుంటాయి. ఒకసారి అంటించి కంకర పోశాక ట్రాక్‌ని ఐదు మిల్లీమీటర్లు జరపడం అంటే మొత్తం పీకడమే. అందుకని లెక్క తేలేదాకా గమ్ ట్యూబు మూత తీయకూడదని నిర్ణయం.

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తాం

అన్ని పట్టికల్లోనూ, అన్ని డ్రాయింగుల్లోనూ ఇచ్చేది సెంటర్ టు సెంటర్ దూరం. ఒక ట్రాక్ మధ్యగీత నుంచి పక్క ట్రాక్ మధ్యగీత దాకా. ట్రాక్ వేశాక మధ్యగీత కనపడదు కాబట్టి నేను కొలిచే పద్ధతి వేరు: మొదటి ట్రాక్ ఎడమ పట్టా బయటి అంచు నుంచి రెండో ట్రాక్ ఎడమ పట్టా బయటి అంచుకి. రెండు ట్రాకులదీ ఒకే గేజ్, ఒకే రకం పట్టా కాబట్టి ఆ దూరం కచ్చితంగా సెంటర్ టు సెంటర్ దూరమే అవుతుంది. కాలిపర్ ఒకటి ఉంటే చాలు. స్లీపర్ల (పట్టాల కింది అడ్డదిమ్మల) అంచుల మధ్య కొలిస్తే కంపెనీని బట్టి స్లీపరు పొడవు మారుతుంది, లెక్క తప్పుతుంది.

అసలు రైల్వేల్లో, డబ్బా ట్రాకుల్లో

వంపు లేని నిటారు లైన్లలో దూరాలు ఒకసారి కాగితం మీద పెట్టి చూశాను.

అమెరికా మెయిన్ లైన్లలో 13, 14 అడుగుల దూరం మామూలే. హెచ్‌ఓలో 13 అడుగులంటే 45.5 మి.మీ., 14 అడుగులంటే 49 మి.మీ. యూరప్‌లో 4 మీటర్లు పెట్టుకుంటే 87తో భాగించగా 46 మి.మీ. వస్తుంది. బ్రిటన్‌లో రెండు ట్రాకుల లోపలి పట్టాల మధ్య ఆరడుగుల ఖాళీ అనేది పాత సంప్రదాయం, సెంటర్లు 11 అడుగుల 2 అంగుళాలు. డబుల్ ఓ స్కేలులో అడుగుకి 4 మి.మీ. కాబట్టి అది దాదాపు 45 మి.మీ. అంటే దేశం ఏదైనా నిటారు లైను మీద నిజమైన దూరం 45 నుంచి 50 మధ్యే తిరుగుతోంది.

ఇప్పుడు డబ్బాలో వచ్చే రెడీమేడ్ వంపు ముక్కలు చూడండి. హార్న్‌బీ, పెకో సెట్‌ట్రాక్ వంపుల రేడియస్‌లు 371, 438, 505 మి.మీ. ఒక్కో వంపుకీ తేడా 67. మార్క్లిన్ సి ట్రాక్‌లో 360, 437.5, అంటే తేడా 77.5. రోకో లైన్‌లో 61.6. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలుకి వెళ్తే కాటో యూనిట్రాక్ 33 మి.మీ., టోమిక్స్ 37 మి.మీ. ఒకే స్కేలులో ఒక్కో కంపెనీ ఒక్కో దూరం. అందుకే రెండు కంపెనీల వంపులు కలిపి జంట లైను వేద్దామనుకునేవాళ్లు ముందు ఈ అంకె చూసుకోవాలి, గేజ్ ఒకటే కదా అనుకుంటే కుదరదు.

67 మి.మీ.ని హెచ్‌ఓ అడుగుల్లోకి మారిస్తే 19 అడుగులు దాటుతుంది. నిజమైన లైను కంటే చాలా ఎక్కువ. మరి అంత తేడా ఎందుకు పెట్టారు? వాళ్లకి తెలియక కాదు. దానికి సమాధానం వంపులో ఉంది.

వంపులో పెట్టె ఎంత బయటకి వస్తుంది

పొడవైన పెట్టె వంపులో తిరిగేటప్పుడు వంగదు. కింద రెండు ట్రక్కులు (చక్రాలు బిగించిన చట్రాలు) పట్టా మీద ఉంటాయి, వాటి మధ్య భాగం వంపు లోపలి వైపుకి జరుగుతుంది, రెండు కొసలు వంపు బయటి వైపుకి తోసుకొస్తాయి. జంట లైనులో తగులుకునేది ఇలా: లోపలి ట్రాక్ మీది పెట్టె కొస బయటికి వస్తుంది, బయటి ట్రాక్ మీది పెట్టె నడుము లోపలికి వస్తుంది. రెండూ ఒకే చోట కలిశాయంటే గీత పడినట్టే.

ఎంత జరుగుతుందో తేలిగ్గానే లెక్కకట్టొచ్చు. నడుము జరిగేది: ట్రక్కుల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగించాలి. కొస జరిగేది: పెట్టె పొడవు వర్గంలోంచి ట్రక్కుల మధ్య దూరం వర్గాన్ని తీసేసి, మళ్లీ అదే రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగించాలి. రెండూ ఉజ్జాయింపు సూత్రాలే, కానీ మన పనికి వెంట్రుకవాసి తేడా కూడా రాదు.

నా దగ్గర ఉన్నవాటిలో పొడవైనది 85 అడుగుల ప్యాసింజర్ పెట్టె. మోడల్ పొడవు 298 మి.మీ., ట్రక్కుల సెంటర్ల మధ్య 208, వెడల్పు 35. నా లోపలి వంపు రేడియస్ 610 మి.మీ. (24 అంగుళాలు) అనుకున్నాను, బోర్డు వెడల్పు అంతకు మించి ఒప్పుకోదు.

208 × 208 = 43,264. దాన్ని 8 × 610 = 4,880తో భాగిస్తే నడుము 8.9 మి.మీ. లోపలికి జరుగుతుంది. కొస సంగతి: 88,804 లోంచి 43,264 తీసేస్తే 45,540. దాన్ని 4,880తో భాగిస్తే 9.3 మి.మీ. బయటికి.

బయటి ట్రాక్ రేడియస్ కొంచెం ఎక్కువ (668) కాబట్టి అక్కడ నడుము జరిగేది 8.1. ఇప్పుడు కూడిక: ఈ పెట్టెలో సగం వెడల్పు 17.5, ఆ పెట్టెలో సగం 17.5, కొస 9.3, నడుము 8.1. మొత్తం 52.4 మి.మీ. ఇది రెండు పెట్టెలు రాసుకుంటూ వెళ్లే దూరం, ఖాళీ సున్నా. అంటే నిటారు లైనుకి చక్కగా సరిపోతుందని నేను ఎంచుకున్న 51 మి.మీ.ని (51 ఎందుకో క్రాసోవర్ దగ్గర చెప్తాను) అలాగే వంపులోకి తీసుకెళ్తే ఎదురెదురు ప్యాసింజర్లు కచ్చితంగా ఢీ. 58 పెడితే 5.6 మి.మీ. ఖాళీ మిగులుతుంది. పెట్టె ఊగినా, ట్రాక్ వేయడంలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా భయం లేదు.

సరదాకి సెట్‌ట్రాక్ వంపులకి కూడా ఇదే పెట్టెతో లెక్క చేశాను. 371 వంపులో కొస 15.3 బయటికి, 438 వంపులో నడుము 12.3 లోపలికి. 35 కలిపితే 62.6. వాళ్లు పెట్టింది 67. మిగిలేది 4.4 మి.మీ. అంత బిగువు వంపులో ఇంత పొడుగు పెట్టెలు నడపడం వేరే తలనొప్పి, చాలావాటికి కప్లర్లే (పెట్టెల్ని కలిపే కొక్కేలే) ఒప్పుకోవు. అయినా 67 అనేది గాల్లోంచి ఊడిపడిన అంకె కాదని ఇప్పుడు అర్థమైంది. చిన్న వంపు కావాలంటే పెద్ద ఖాళీ తప్పదు.

అదే రేడియస్ 762 (30 అంగుళాలు) ఉండుంటే? కొస 7.5, నడుము దాదాపు 6.7, మొత్తం 49 చిల్లర. 51లోనే రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ మిగిలేది. దాన్ని నమ్ముకుని నేనైతే రైలు నడపను. 40 అడుగుల సరుకు పెట్టెలు మాత్రమే నడిపేవాళ్లకి ఈ గొడవే లేదు. వాటి నడుము 610 వంపులో కూడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకే జరుగుతుంది.

కాబట్టి ఎవరైనా "హెచ్‌ఓకి ఎంత దూరం పెట్టాలి?" అని అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను: మీ పొడవైన పెట్టె ఏది, మీ బిగువైన వంపు ఎంత? ఆ రెండూ చెప్పకుండా అంకె అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు.

అట్టముక్కతో పరీక్ష

సూత్రం మీద నమ్మకం ఉన్నా కళ్లతో చూడాలనిపించింది. గట్టి అట్ట మీద 298 × 35 సైజులో రెండు ముక్కలు కత్తిరించాను. ఒక్కోదానికి ట్రక్కుల చోట రెండు చిల్లులు పెట్టి గుండుసూదులు గుచ్చాను. పెద్ద కాగితం మీద 610, 668 రేడియస్‌లతో రెండు చాపాలు గీసి, సూదులు గీత మీదే ఉండేలా రెండు అట్టముక్కల్నీ నడిపించాను. కొస, నడుము ఎదురుపడిన చోట మధ్యలో స్కేలు పెడితే ఐదున్నర మిల్లీమీటర్ల ఖాళీ. లెక్కకి సరిపోయింది.

ఈ పరీక్షకి ఖరీదైన పెట్టె అక్కర్లేదు, ఇంకా కొననిదాన్ని కూడా పరీక్షించొచ్చు. కొలతలు తెలిస్తే చాలు. పెద్ద ఆవిరి ఇంజన్లు ఉన్నవాళ్లు వాటికీ ఒక అట్టముక్క చేసుకోవడం మంచిది. ముఖ్యంగా చక్రాల సెట్లు రెండు ఉండే చాలా ఆర్టిక్యులేటెడ్ ఇంజన్లలో బాయిలర్ వెనక సెట్టుకే బిగించి ఉంటుంది, వంపులో దాని ముక్కు ప్యాసింజర్ పెట్టె కంటే ఘోరంగా బయటికి తిరుగుతుంది.

51 నుంచి 58కి ఎలా వెళ్లాలి

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

నిటారులో 51, వంపులో 58. మధ్యలో ఏడు మిల్లీమీటర్లు ఎక్కడో కలవాలి. ఒక ట్రాక్‌ని వంపుకి ముందు పక్కకి జరిపితే చిన్న ఎస్ ఆకారం వస్తుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, పొడవైన పెట్టెలకి కూడా మంచిది కాదు. అసలు అలాంటి అవసరమే లేకుండా ఈజ్‌మెంటు ఆ పని చేసిపెడుతుంది.

ఈజ్‌మెంటు అంటే నిటారు నుంచి వంపులోకి ఒక్కసారిగా కాకుండా మెల్లగా బిగుసుకుంటూ వెళ్లే ముక్క. అది పెట్టాలంటే వృత్తాన్ని నిటారు గీత నుంచి కాస్త లోపలికి జరపాలి. ఎంత జరపాలంటే, ఈజ్‌మెంటు పొడవు వర్గాన్ని రేడియస్‌కి 24 రెట్లతో భాగించినంత. పొడవైన ఈజ్‌మెంటు పెడితే ఎక్కువ జరుగుతుంది, పొట్టిది పెడితే తక్కువ. రెండు ట్రాకులకీ వేరువేరు పొడవులు పెడితే మధ్యలో ఖాళీ దానంతటదే పెరుగుతుంది.

లోపలి ట్రాక్‌కి 450 మి.మీ. ఈజ్‌మెంటు పెట్టాను: 2,02,500ని 24 × 610 = 14,640తో భాగిస్తే 13.8. బయటి ట్రాక్‌కి 330: 1,08,900ని 24 × 668 = 16,032తో భాగిస్తే 6.8. లోపలి వృత్తం 13.8 లోపలికి జరిగింది, బయటిది 6.8 మాత్రమే జరిగింది. తేడా సరిగ్గా 7. నిటారులో 51 ఉన్నది వంపులోకి వెళ్లేసరికి 58. ఎక్కడా ఎస్ లేదు, ఎక్కడా కుదుపు లేదు.

ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. లోపలి ఈజ్‌మెంటు పొడవుగా ఉంది కాబట్టి అది ముందుగా మొదలవుతుంది. పెట్టెలు పూర్తిగా తోసుకొచ్చే చోటికి చేరేలోపే ఖాళీ తెరుచుకుంటోంది. ఈజ్‌మెంటు సగంలో చూస్తే దూరం 54.5, కానీ అక్కడ వంపు ఇంకా సగమే బిగుసుకుంది కాబట్టి పెట్టెలు కూడా సగమే జరుగుతాయి. అంటే వంపు నడిమధ్య కంటే అక్కడే ఎక్కువ ఖాళీ ఉంది. అట్టముక్కలు అక్కడ కూడా నడిపించి చూశాను, నిజమే.

గీతలు గీయడం

ముందు నిటారు గీతలు. పొడవైన అల్యూమినియం స్కేలుతో బయటి ట్రాక్ మధ్యగీత గీసి, రెండు కొసల్లో 51 కొలిచి లోపలిది గీశాను. వృత్తాలకి సన్నటి చెక్కపట్టీకి ఒక చివర మేకు, 610 దగ్గర ఒక చిల్లు, 668 దగ్గర ఒక చిల్లు, అందులో పెన్సిల్. రెండు వృత్తాలకీ ఒకే కేంద్రం. మేకు మాత్రం కదలకూడదు. ఫోమ్‌లో మేకు వదులవుతుంది, అందుకే కేంద్రం దగ్గర చిన్న ప్లైవుడ్ ముక్క అంటించి దానిలో దిగగొట్టాను.

ఈజ్‌మెంటుని పాయింట్లు లెక్కపెట్టి గీయొచ్చు. నేను వంగే పట్టీనే నమ్ముకున్నాను. వృత్త కేంద్రానికి ఎదురుగా నిటారు గీత మీద ఒక గుర్తు పెట్టాలి. దానికి వెనక్కి సగం పొడవు, ముందుకి సగం పొడవు. వెనక గుర్తు దాకా పట్టీని నిటారు గీత మీద బిగించి, ముందు గుర్తు తర్వాత వృత్తం మీద బిగిస్తే మధ్యలో పట్టీ తానే చక్కటి వంపు తీసుకుంటుంది. ఆ వంపు వెంట పెన్సిల్ నడపడమే. పట్టీలో ఎక్కడా ముడి ఉండకూడదు, ఉంటే అక్కడ వంపు విరిగినట్టు వస్తుంది.

గీతలయ్యాక మోకాళ్ల మీద కూర్చుని కన్ను బోర్డు అంచు దగ్గర పెట్టి గీత వెంట చూశాను. పైనుంచి చూస్తే కనపడని వంకర ఈ కోణంలో వెంటనే దొరుకుతుంది.

కార్క్, ట్రాక్

ట్రాక్ కింద పరిచే నా కార్క్ పట్టీకి అడుగు భాగం వెడల్పు 45 మి.మీ. సెంటర్లు 51 కాబట్టి రెండు పట్టీల మధ్య ఆరు మిల్లీమీటర్ల సందు, వంపులో పదమూడు. ఈ సందులో కంకర పోస్తే కింద దాకా పోతూనే ఉంటుంది. సందుని సన్నటి కార్క్ ముక్కలతో నింపేశాను. అసలు జంట లైనులో కూడా రెండు ట్రాకుల మధ్య కంకర దాదాపు నిండుగానే ఉంటుంది, లోతైన కాలవ కనపడదు.

ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే ట్రాక్) లోపలి లైను నుంచి మొదలుపెట్టాను, బిగువుగా ఉన్నది ముందు కుదిరితే రెండోది దాన్ని చూసి వేసుకోవచ్చు. వంపులోకి వెళ్లే ముక్కల్ని నిటారుగా ఉన్నప్పుడే జాయినర్ (రెండు పట్టాల కొసల్ని కలిపే ముక్క) దగ్గర సోల్డర్ చేసి ఆ తర్వాత వంచాను. వంచాక అతికితే అతుకు దగ్గర మొనలా తేలుతుంది. ఆ మొన దగ్గర సెంటర్ల దూరం కూడా పాడవుతుంది. వంచినప్పుడు లోపలి పట్టా కొస ముందుకు పొడుచుకొస్తుంది, దాన్ని కత్తిరించి, ఆకురాయితో నున్నగా చేయాలి. రెండు ట్రాకుల అతుకులు పక్కపక్కన రాకుండా చూసుకున్నాను.

రెండో ట్రాక్ వేయడానికి గేజ్ ముక్కలు తయారుచేశాను. చెక్క ముక్కకి అడుగున నాలుగు గాడులు, నాలుగు పట్టాల మీదా కూర్చునేలా. ఒకటి 51కి, ఒకటి 58కి. రెంటి మీదా పెద్ద అక్షరాలతో అంకె రాశాను, వేరువేరు రంగులు కూడా వేశాను, ఎందుకంటే చేతిలో పట్టుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి. ఇలాంటివి రెడీమేడ్‌గానూ దొరుకుతాయి, కానీ వంపులో నాకు కావలసిన 58 నేను చేసుకోవలసిందే. ఈజ్‌మెంటులో గేజ్ ముక్క పనిచేయదు, అక్కడ దూరం ప్రతి అంగుళానికీ మారుతుంది. పెన్సిల్ గీతే ఆధారం. గీత స్లీపర్ల మధ్య సందుల్లోంచి కనిపిస్తూ ఉండాలి కాబట్టి గమ్ పలచగా, ఆరితే పారదర్శకంగా ఉండేది వాడాను.

క్రాసోవర్, యార్డు

నిటారులో 50 కాదు, 49 కాదు, 51 ఎందుకన్నదానికి జవాబు ఇక్కడుంది. నేను వాడుతున్న పెకో స్ట్రీమ్‌లైన్ టర్నౌట్లు (ట్రాక్ రెండు దారులుగా చీలే ముక్కలు) రెండింటిని పక్కదారి కొసలు కలిపి పెడితే క్రాసోవర్ (ఒక లైను నుంచి పక్క లైనుకి మారే దారి) సరిగ్గా 50.8 మి.మీ. (2 అంగుళాలు) దూరానికి వస్తుంది, ఏమీ కత్తిరించనక్కర్లేదు. 46కి తీసుకురావాలంటే టర్నౌట్ కొసలు కోయాలి. కోసి, 46 వేసేవాళ్లున్నారు, వాళ్ల లైను చూడ్డానికి నాదానికంటే బాగుంటుంది కూడా. నాకు ఆ ఓపిక లేదు. అయిదు మిల్లీమీటర్ల అందం కోసం టర్నౌట్‌కి రంపం పెట్టే ధైర్యమూ లేదు.

యార్డు దగ్గర ఇంకో లెక్క వచ్చింది. ఒక ఏటవాలు ట్రాక్ మీద వరసగా టర్నౌట్లు పెట్టి ఒక్కోదాని నుంచి ఒక్కో లైను విడదీస్తాం కదా, అందులో లైన్ల మధ్య దూరాన్ని టర్నౌట్ పొడవే నిర్ణయిస్తుంది. ఈ టర్నౌట్ల కోణం 12 డిగ్రీలు. మీడియం రకం పొడవు 219 మి.మీ. వాటిని నేరుగా ఒకదానికొకటి తగిలిస్తే లైన్ల మధ్య 45.5 వస్తుంది. అంటే పెట్టెల మధ్య 10.5 మి.మీ. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ పట్టాలు తప్పిన పెట్టెని వేళ్లతో తీయబోతే పక్క పెట్టెని పడేయడం ఖాయం. మధ్యలో 25 మి.మీ. ముక్క కలిపితే 51 అవుతుంది, అలా కలిపాను.

రెండో లైనుకీ మూడో లైనుకీ మధ్య మాత్రం 79 మి.మీ. ముక్క పెట్టి 62కి పెంచాను. దీపస్తంభాలు ఆ సందులో నిలబెడతాను. నిజమైన యార్డుల్లో కూడా కొన్ని లైన్ల మధ్య మనుషులు నడవడానికి, స్తంభాలకి ఎక్కువ జాగా వదులుతారు, అన్ని లైన్లూ ఒకే దూరంలో గీసినట్టుండవు. సమాన దూరంలో ఉన్న నాలుగు లైన్ల కంటే ఇలా జతలుగా ఉన్నవే కంటికి యార్డులా అనిపిస్తున్నాయి. పెట్టెలు విడదీయడానికి సన్నటి వెదురు పుల్ల వాడతాను, దానికి 16 మి.మీ. సందు చాలు.

స్టేషను

రెండు లైన్ల మధ్య ఒకే ప్లాట్‌ఫామ్. 20 అడుగుల వెడల్పు అనుకుంటే 70 మి.మీ. పెట్టెలో సగం వెడల్పు 17.5కి మూడు మిల్లీమీటర్లు, చిల్లర కలిపి ట్రాక్ సెంటర్ నుంచి ప్లాట్‌ఫామ్ అంచుకి 21 పెట్టాను. రెండు పక్కలా 21, మధ్య 70, మొత్తం 112. లైన్లు 51 నుంచి 112కి విడిపోవాలి, ఒక్క లైనే పక్కకి వెళ్లి వస్తుంది, రెండోది తిన్నగా ఉంటుంది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ప్లాట్‌ఫామ్ కొసల దగ్గర. ట్రాక్ నిటారుగా మారింది కదా అని వెంటనే ప్లాట్‌ఫామ్ మొదలెట్టకూడదు. పెట్టె వెనక ట్రక్కు ఇంకా వంపులో ఉంటే ముందు భాగం ఇంకా పక్కకే ఉంటుంది. అందుకని వంపు పూర్తయ్యాక ఒక పెట్టె పొడవు, అంటే 300 మి.మీ. వదిలి ప్లాట్‌ఫామ్ మొదలవుతుంది. సిగ్నల్ స్తంభాలకీ ఇదే నియమం. జంట లైను మధ్యలో 16 మి.మీ. సందులో సిగ్నల్ పెట్టొచ్చుగానీ పెట్టను, ట్రాక్ తుడిచే ప్రతిసారీ చెయ్యి తగిలి విరుగుతుంది. బయటి వైపే.

కొండ వెనక లైన్లు

వీటికి అందం అక్కర్లేదు, ఎవరూ చూడరు. ఇక్కడ కొలత పెట్టెది కాదు, నా వేళ్లది. 65 పెట్టాను. పెట్టెల మధ్య 30 మి.మీ. దొరుకుతుంది, రెండు వేళ్లు దిగుతాయి. చీకట్లో, చెయ్యి చాచి, కనపడకుండా పట్టాలు ఎక్కించాల్సిన చోట ఆ పద్నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండటం గొప్ప వరం. దీనివల్ల నాలుగు లైన్లకి వెడల్పు 42 మి.మీ. ఎక్కువ తీసుకుంది. ఐదో లైను పట్టేదేమో అని కాసేపు ఊగిసలాడి వదిలేశాను.

కొండ లోపలి గోడ దూరం కూడా ఇప్పుడే తేల్చాలి. వంపులో లోపలి వైపు పెట్టె నడుము సెంటర్ నుంచి 26.4, బయటి వైపు కొస 26 దాకా వస్తుంది. గోడలు రెండు పక్కలా 32 దాటించాను. రెడీమేడ్ జంట సొరంగం ముఖద్వారం కొనేవాళ్లు అది ఏ సెంటర్ దూరానికి చేశారో చూసుకోవాలి, వంపులో పెట్టాలనుకుంటే మరీ ముఖ్యం. నేను దాన్ని నిటారు భాగంలోనే పెడుతున్నాను.

ఎదురెదురు పరుగు

అంటించే ముందే ట్రాక్‌ని గుండుసూదులతో నిలబెట్టి రైళ్లు నడిపాను. మొదట కరెంటు లేకుండా: బయటి ట్రాక్ మీద ఒక ప్యాసింజర్ పెట్టె ఆపి, లోపలి ట్రాక్ మీద ఇంకోదాన్ని వేలితో తోస్తూ, సందులో 4 మి.మీ. మందం ఫోమ్ ముక్క జరుపుతూ వెళ్లాను. ఎక్కడా ఇరుక్కోలేదు. ఆగిన పెట్టెని ఒక చెయ్యి దూరం ముందుకి జరిపి మళ్లీ అదే. ఈజ్‌మెంటుల దగ్గర ఇంకా దగ్గర దగ్గరగా చూశాను. ఒకవైపు ఈజ్‌మెంటు ముగిసే చోట ఫోమ్ ముక్క కాస్త బిగువుగా వెళ్లింది. కొలిస్తే అక్కడ దూరం 56.5. బయటి ట్రాక్‌ని సూదులు తీసి గీత మీదకి లాగితే 58కి వచ్చింది.

తర్వాత రెండు రైళ్లు ఎదురెదురుగా, నిదానంగా, ఆపైన వేగంగా. తమ్ముడు కంట్రోలర్ దగ్గర, నేను వంపు దగ్గర కన్ను పెట్టి. వేగంలో పెట్టెలు ఊగుతాయేమో అన్న టెన్షన్ ఉండేది, ఊగినా ఖాళీ మిగిలే ఉంది. నిటారులో 16 మి.మీ. సందుతో రెండు ప్యాసింజర్లు దాటుకుంటుంటే దగ్గరతనం బాగానే కనిపిస్తోంది. వంపులో సందు పెరిగిందని కొలిచి చెప్తే తప్ప తెలియట్లేదు, పెట్టెల కొసలు తోసుకొచ్చి ఆ ఖాళీని తామే నింపేస్తున్నాయి.

లోపలి లైను మొత్తం అంటించేశాను. బయటి లైను వంపులు రెండూ అయ్యాయి, నిటారు భాగం మీద బరువులు పెట్టి ఉంది. ఆరాక పట్టాలకి కరెంటు ఇచ్చే ఫీడర్ వైర్లు సోల్డర్ చేయాలి, ఆ తర్వాతే కంకర.